కడలి పుట్టింటికి వెళ్ళిన రోజు

ఈ అధ్యాయంలో ఒక కెరటం లేస్తుంది. దాని ఎత్తు ఏడు తాళ్లు. తాడి చెట్టు మీద తాడి చెట్టు చొప్పున ఏడింటిని నిలబెట్టి, ఏడో చెట్టు కొసన ఒక కాకిని కూర్చోబెడితే ఆ కాకి తోక తడుస్తుంది. అందులో ఒక్క బెత్తెడు తగ్గిందని ఎవరైనా రుజువు చేస్తే ఈ కథ చెప్పే ముసలాడు తన మీసం రెండు వైపులా గొరిగించుకుని వీధుల వెంట తిరుగుతాడు. మీసం మీద ఒట్టు వేశాక ఇక అనుమానాలు పెట్టుకోకుండా కథలోకి రండి.

అరిందముడు హేమశైల రాజ్యపు యువరాజు. కొండల్లో పుట్టి, కొండల్లో పెరిగి, ఏనుగులు దిగే మడుగు కంటే పెద్ద నీటిని చూసి ఎరగనివాడు. అలాంటివాడు నెత్తిన ఎర్ర తలపాగా చుట్టి, భుజాన గాజుల మలారం తగిలించుకుని, గాజుల సెట్టి వేషంలో పగడాలసీమ చేరాడంటే కారణం ఒక్కటే. అతడి తండ్రికి చూపు పోయింది. పగడాలసీమ రేవులో, పన్నెండు నిలువుల లోతున, ఒక రాతి తాబేలు నోట నీలిముత్యం ఉన్నదట. దాన్ని గంధంలా అరగదీసి కళ్ళకు రాస్తే చూపు వస్తుంది. వచ్చే పున్నమి దాటిందా, ఇక ఎన్నటికీ రాదు. రాజవైద్యుడు అలా తేల్చి చెప్పాడు. యువరాజు రేవు చేరేసరికి తొమ్మిది రోజులే గడువు మిగిలింది. పరదేశపు రాకుమారుడు రేవులో కాలు పెడితే తల తీయించడం పగడాలసీమ రాజు ముక్తాధరుడికి అలవాటు. అందుకే ఈ గాజుల వేషం.

ఆ రేవు పట్టణం పేరు కెరటాలకోట. చూడవలసిందే గాని చెప్పనలవి కాదు. గవ్వల సున్నంతో మెరిసే మేడలు, మేడల మీద చేప రెక్కల్లా ఎగిరే పసుపు తోరణాలు, మేడల ముంగిట వెండి పొడి చల్లినట్టున్న ఇసుక, ఇసుకను ముద్దాడి ముద్దాడి వెనక్కి తగ్గే నీలి కడలి. ఆ కడలిలోకి చాచిన చెయ్యిలాంటి రాతి కట్ట, కట్ట చివర నూట ఇరవై మెట్ల దీపస్తంభం. దాని పైన ఎనిమిది మంది మోస్తే గాని కదలని కంచు కొప్పెరలో రాత్రిళ్ళు నూనె పోసి దీపం వెలిగిస్తారు.

అరిందముడు ఊళ్ళోకి అడుగుపెట్టిన రోజునే పిల్లలు అతణ్ణి చుట్టేశారు. ఒకటే చప్పట్లు: తాం తాం తకిట తాం! ఆ వెంటనే పాట.

"కడలమ్మ పుట్టింటి కెళ్ళిందే,
కడవైనా కావడైనా వదిలెయ్యే,
ఉత్త చేతుల గట్టెక్కే,
వెనక్కి చూస్తే చేపయ్యే!"

పాట అయ్యీ అవకుండానే అందరూ చేతుల్లో ఉన్నది ఎక్కడిదక్కడ పారేసి ఊరి వెనక ఉన్న గట్టు మీదికి పరుగో పరుగు. ఆటంటే సరదా ఎవరికి ఉండదు? యువరాజూ పరుగెత్తాడు. అందరి కంటే ముందు గట్టెక్కాడు. పైన ఒక బోసినోటి పిల్ల అతణ్ణి ఎగాదిగా చూసి, "నువ్వు సేపవి!" అంది.

"అదేం? నేనేగా మొదట ఎక్కాను?"

"భుజాన మలారం ఉంది గదా. బరువు మోసుకొచ్చినోడు సేపే. తెలీకపోతే ఆడకూడదు, సెట్టీ."

యువరాజు సిగ్గుపడి, ఆ చప్పట్ల వరస పదిసార్లు కొట్టించుకుని నేర్చుకున్నాడు. తెలియనిది కనబడితే అడక్కుండా ఉండలేకపోవడం అతడి గుణం. ఆ గుణమే అతణ్ణి కొర్లమ్మ వాకిట్లో పడేసింది.

కొర్లమ్మకు ఎనభై ఏళ్ళు. మోకాళ్ళు తప్ప మిగతా శరీరమంతా ఇనుము. ఆమె తాతముత్తాతలు దీపస్తంభం మీద పెద్ద డప్పు కొట్టేవాళ్ళు. ఊరంతా కడలి అంచున కాపురాలుంటే ఆమె ఒక్కతే గట్టు మీద గుడిసె వేసుకుంది. "ఆకాశంలో కాపురం" అని ఊరంతా ఆమెను వెక్కిరించేది. గుడిసె పక్కన నడుమెత్తు రాళ్ళ వరస ఒకటి ఉంది. ప్రతి రాతి మీదా అడ్డంగా ఒక గీత, గీత కింద అరిగిపోయిన అక్షరాలు: దీనికి దిగువన పొయ్యి పెట్టవద్దు. ఊళ్ళోవాళ్ళు ఆ రాళ్ళలో సగం ఊడబెరుక్కుపోయి బట్టలుతుక్కునే బండలుగా వేసుకున్నారు. ఒకటి రాజుగారి తోటలో కూర్చునే పీట అయింది.

మూడో రోజు ఉదయం యువరాజు గుడిసె అరుగు మీద కూర్చుని ఆ రాళ్ళ వంకా, కడలి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏటి బాబూ, లెగిసినకాడి నుంచి అలా గుడ్లప్పగించి సూత్తన్నావు? కడలి ఎక్కడికీ పారిపోదు," అంది కొర్లమ్మ.

"అవ్వా, రోజూ వచ్చే కెరటం అదుగో ఆ పడవల దగ్గరే చతికిలపడుతోంది. ఈ గీత దాకా ఎలా ఎక్కింది? అంత గాలి వీచిందా?"

"గాలి కెరటం ఏరు, పుట్టింటి కెరటం ఏరు."

మీరు ఇప్పుడు సునామీ అంటున్నారే, దాన్ని ఆ సీమలో పుట్టింటి కెరటం అనేవాళ్ళు. కడలి పుట్టింటికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చే కెరటమన్నమాట.

కొర్లమ్మ లోపలికి వెళ్ళి వెడల్పాటి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. అడుగున చిటికెడు ఇసుక వేసి, నిండా నీళ్ళు పోసి, అరుగు మీద రెండు రాళ్ళ మీద ఆనించి పెట్టింది. "ఊదు," అంది.

యువరాజు ఊదాడు. నీటి మీద సన్నటి ముడతలు లేచి అంచు దాకా పోయాయి.

"అడుగున ఇసక కదిలిందేటి?"

"లేదు."

"అదీ గాలి కెరటం. పైపైన ఆట. ఇపుడు సూడు." పళ్ళెం కిందికి చెయ్యి పోనిచ్చి అడుగు మీద ఒక్క పోటు పొడిచింది. ఇసుక ఎగిరింది. నీరంతా ఒక్కసారిగా కదిలి అంచు దాటి యువరాజు ఒళ్ళోకి దూకింది.

"ఇది పుట్టింటి కెరటం. అడుగు నుంచి అంచు దాకా మొత్తం నీరు నడిసొత్తాది."

తడిసిన పంచె సంగతే మరిచిపోయాడు యువరాజు. "మరి కడలిని కింద నుంచి పొడిచేదెవరు?"

"కడలి కింద రెండు పేద్ద రాతి పలకలున్నాయి బాబూ. ఒకటి రెండోదాని కిందికి దూరదామని తోత్తా ఉంటాది. పైది దానికి అతుక్కుపోయి, ఎదురు బద్ద వంగినట్టు వంగుతాది. వందేళ్ళు వంగుతాది. రెండొందలేళ్ళు వంగుతాది. ఒకనాడు పట్టు తప్పి సటుక్కున పైకి లెగుత్తాది. దాని మీదున్న నీరు ఊరుకుంటాదేటి?"

"ఆ కెరటం నడికడలిలో ఎంత ఎత్తుంటుంది?"

"నీ మోకాలంత."

"అంతేనా!"

"అంతే. పడవలో ఉన్నోడికి తెలీనే తెలీదు. జోరు మాత్రం డేగక్కూడా నేదు. ఒడ్డుకొచ్చేకొద్దీ నీటికి లోతు సాలదు. జాతరలో ఇరుకు సందు సూసావా? ముందరోడు నెమ్మదించేత్తాడు, ఎనకోడు తోసుకొత్తానే ఉంటాడు. మద్దెనున్నోడు ఏటవుతాడు?"

"పైకి లేస్తాడు," అన్నాడు యువరాజు. అతడి కళ్ళు వెలిగాయి. "మరి వచ్చే ముందు కడలి వెనక్కి పోతుందా?"

"ఒకోపాలి పోతాది. ఒకోపాలి పోకుండానే ఒచ్చేత్తాది. అందుకే కడలి పోయిందా నేదా అని సూత్తా కూకోకూడదు. కాళ్ళ కింద నేల నిలబడనియ్యకుండా ఊగిందా, గట్టెక్కెయ్యాల. ఎక్కినోడు వెంటనే దిగకూడదు. ఆ కెరటం ఒక్కతే రాదు. అక్కసెల్లెళ్ళని ఎనకేసుకుని వత్తాది. పెద్దది ఎప్పుడూ మొదటిదే కానక్కర్నేదు."

"ఇవన్నీ ఊళ్ళోవాళ్ళకు తెలుసా?"

"తెలుసునో నేదో! కడలి పుట్టింటికెళ్తే ఇల్లు ఖాళీ గదా అని, ఉన్నదేదో ఏరుకుందామని బుట్టలట్టుకు దిగుతారు. ఏటా కడలి బాగా ఎనక్కి తగ్గే పెద్దపాటు రోజున నత్తలు ఏరుకోడం అలవాటైపోనాది. ఇపుడు ఆ మకరఘోణుడొకడు తయారయ్యేడు."

మకరఘోణుడంటే మొసలి మూతిలాంటి ముక్కున్న మాంత్రికుడు. మూడు రోజుల కిందట రాజసభలో నిలబడి, నేటి ఉదయం కడలిని రెండు కోసుల దూరం నెట్టేస్తానని, అడుగున ఉన్న ముత్యాలన్నీ ఏరుకోవడానికి రాజూ, సేనా, ఊరూ బుట్టలతో సిద్ధంగా ఉండాలని చాటాడు.

"నెట్టడానికి అదేమన్నా ఎడ్లబండేటి?" అంది కొర్లమ్మ.

యువరాజుకు ఆ మాట నచ్చి నవ్వాడు. నవ్వుతుండగానే పళ్ళెంలో నీరు మళ్ళీ లేచి అతడి ఒళ్ళో పడింది.

"అవ్వా, ఈసారి కాస్త నెమ్మదిగా పొడు."

కొర్లమ్మ రెండు చేతులూ ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. "నాను పొడవనేదు బాబూ," అంది.

అప్పుడు గుడిసె మూలిగింది. దండెం మీది బట్టలు గాలి లేకుండానే ఊగాయి. తాడి చెట్లు ఒకదానికొకటి తలలు తాటించుకున్నాయి. లేవబోయిన యువరాజు రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు. నూరు అంకెలు లెక్కపెట్టేంత సేపు భూమి పూనకం వచ్చినట్టు ఊగి, ఆగింది.

ఆగగానే కడలి కదిలింది. చుట్టబెట్టిన నీలి పట్టుచీరలా తీరం నుంచి జారిపోసాగింది. పడవలు ఒరిగి బురదలో కూలబడ్డాయి. ఎన్నడూ సూర్యుణ్ణి చూడని లోయలు బయటపడ్డాయి. పగడపు పొదలు ఎర్రగా, నాచు మేడలు పచ్చగా, మునిగిపోయిన ఓడల పక్కటెముకలు నల్లగా! వేల చేపలు వెండి నాణేలు కుమ్మరించినట్టు తపతప కొట్టుకున్నాయి. ఊళ్ళో నగారా మోగింది. "కడలమ్మ పుట్టింటికెళ్ళిందోయ్!" అంటూ ఆడా మగా, పిల్లా జెల్లా బుట్టలతో, తట్టలతో, తలగడ గలీబులతో కడలి అడుగుకు పరుగెత్తారు. పల్లకీలో ముక్తాధర మహారాజు, వెనక అంతఃపురం, వెనక సేన.

ఆ జనానికి కాస్త ఎడంగా, బురద మధ్య, ఇల్లంత రాతి తాబేలు ఒకటి తేలింది. దాని నోట్లో నీలంగా ఒక వెలుగు తళుక్కుమంది.

"నీలిముత్యం!" అన్నాడు అరిందముడు.

"కెరటం రావడానికి ఎంతసేపుంది అవ్వా?" అని వెంటనే అడిగాడు.

"ఒక కుండెడు అన్నం ఉడికేంత. దీపస్తంభం మీద మా తాతలు కొట్టిన ఎదురుడప్పు ఉంది. అది మోగితే అందరూ గట్టెక్కాల. నా మోకాళ్ళు మెట్లెక్కవు నాయినా."

ముత్యం దాకా పోయి రావడానికి సగం కుండ ఉడికేంత సేపు చాలు. దీపస్తంభమెక్కి డప్పు కొట్టి, జనం గట్టెక్కడానికి కుండెడంతా కావాలి. యువరాజు కాళ్ళు ముత్యం వైపే నాలుగంగలు వేశాయి. అంతలో బుట్ట నెత్తిన బోర్లించుకుని, కేరింతలు కొడుతూ బురదలోకి దిగుతున్న బోసినోటి పిల్ల కనబడింది. అతడు గిరుక్కున తిరిగి రాతి కట్ట మీదుగా దీపస్తంభం వైపు దూసుకుపోయాడు.

నూట ఇరవై మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. పైన కిటికీ దగ్గర పులితోలు కప్పుకుని, ఎత్తు పావుకోళ్ళ మీద నిలబడి, మకరఘోణుడు చేతులు నలుపుకుంటున్నాడు. అతడి పక్కన ఏనుగు కాలంత లావు ఇనుపగొలుసు ఒకటి కిటికీలోంచి కిందికి, కడలిలోకి దిగి ఉంది.

"రావోయి గాజులసెట్టీ! నువ్వు సెట్టివి కావని నాకు తెలుసు. ఈ గొలుసు చివర వజ్రకీలం ఉండేది. పాతాళంలో రెండు పలకల నడుమ, ఆ రాతి తాబేలు వీపు గుండా దిగ్గొట్టిన మేకు. ఇవాళ పొద్దున్నే లాగేశాను. కాసేపట్లో రాజూ, సేనా, ఊరూ కడలిపాలు. సింహాసనం నాది!"

"ప్రజలే లేని రాజ్యం ఏలుకుని ఏం చేస్తావయ్యా?" అన్నాడు యువరాజు ఆయాసపడుతూ. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఎదురు చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. అంతకంటే సుఖమేముంది?"

యువరాజు డప్పు వైపు దూకాడు. మూడు తరాలుగా మోగని ఆ డప్పులో ఎవరో గింజలు దాచుకున్నారు. దాని తోలు అడ్డంగా చీల్చి ఉంది. "అదీ పొద్దున్నే చేశాను," అని మాంత్రికుడు పకపకా నవ్వి, గుప్పెడు బూడిద విసిరాడు. బూడిద గబ్బిలాలై యువరాజు మొహాన్ని కప్పేసింది. కళ్ళు కనబడని యువరాజు చేతికందినది విప్పాడు. అది భుజాన వేలాడుతున్న మలారం. ఎర్రవీ, పచ్చవీ, నల్లవీ వెయ్యిన్నొక్క గాజులు గలగలమంటూ గచ్చంతా దొర్లాయి. ఎత్తు పావుకోళ్ళ కింద గుండ్రటి గాజులు పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మకరఘోణుడు ఒక కాలు తూర్పుకూ ఒక కాలు పడమరకూ జారి, పావుకోళ్ళు పైనే వదిలేసి, నలభై మెట్లు పిర్రల మీద దిగాడు. గబ్బిలాలు మళ్ళీ బూడిదైపోయాయి.

డప్పు లేదు. యువరాజు చుట్టూ చూశాడు. కంచు కొప్పెర కనబడింది. ఎనిమిది మంది మోసే కొప్పెరను భుజం ఆనించి ఒక్కడే బోర్లించాడు. మాంత్రికుడి పావుకోళ్ళు రెండు చేతులా పట్టుకుని కొట్టాడు.

తాం తాం తకిట తాం!

కంచు మోత కడలి అడుగున లోయల్లో మారుమోగింది. జనం తలెత్తి చూసి, మళ్ళీ ముత్యాలు ఏరుకోవడంలో పడ్డారు.

తాం తాం తకిట తాం!

బోసినోటి పిల్ల బుట్ట కింద పారేసింది. దాని పక్కనున్న పిల్లా పారేసింది. అంతే! బురదలో ఉన్న పిల్లలంతా కేకలు పెడుతూ గట్టు వైపు పరుగు అందుకున్నారు. "ఒసే, ఎక్కడికే!" అంటూ తల్లులు వెంటబడ్డారు. నాలుగడుగులు వేశాక తల్లుల కాళ్ళకూ ఏదో గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళంతా ఆడిన ఆటే గదా. చేతుల్లో బుట్టలు వాటంతట అవే జారిపోయాయి. "పెళ్ళాలు ఎక్కడికి పోతున్నార్రా?" అంటూ మొగుళ్ళు, మొగుళ్ళ వెనక ముసలాళ్ళు, ముసలాళ్ళ వెనక సేన. "ఆగండి! ఎవరి ఆజ్ఞ?" అని పల్లకీలో లేచి నిలబడ్డ ముక్తాధర మహారాజు మూడో మోతకు తన కాళ్ళ వంక తనే వింతగా చూసుకున్నాడు. అవి పల్లకీ దిగి పరుగెడుతున్నాయి. దారిలో కిరీటం అడ్డొస్తే అదీ పారేశాడు. చేప కావడం ఆయనకు చిన్నప్పటి నుంచీ నచ్చదు.

ఆఖరివాడు గీత రాళ్ళు దాటాడో లేదో, దిగంతాన తెల్లటి దారం ఒకటి కనబడింది. దారం తాడయింది. తాడు గోడయింది. లక్ష ఏనుగులు ఒక్కసారి తొండాలెత్తినట్టు ఘీంకారం చేస్తూ గోడ లేచింది. ఏడు తాళ్ల ఎత్తు, నల్లటి పొట్ట, తెల్లటి జూలు! ఒడ్డుకు వచ్చి విరిగి వెనక్కి పోయే కెరటం కాదది. వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. పడవలను వీధుల్లోకి, వీధులను తోటల్లోకి, తోటలను గట్టు మొదటికి నెట్టుకుంటూ వచ్చి, రాళ్ళకు ఇరవై అడుగుల దిగువన ఆగి, మేడల తలుపులు వెంటేసుకుని వెనక్కి మళ్ళింది.

గట్టు మీద జనం ఊపిరి పీల్చుకున్నారు. కాసేపటికి నీరు తగ్గి ఊరు కనబడింది. "హమ్మయ్య, అయిపోయింది. మా గేదె కట్టేసే ఉంది," అని ఒకడు దిగబోయాడు. "మా అత్తగారి కాసులపేరు," అని ఒకావిడ. "మా కిరీటం," అని రాజుగారు. కొర్లమ్మ దారికి అడ్డంగా కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"ఏటి బాబూ రాజుగారూ, కిరీటమా? తలకాయుంటే గదా కిరీటం. నన్ను తొక్కుకుని పోండి సూద్దాం. పొద్దు వాలేదాకా ఒక్కడు దిగినా ఊరుకోను!"

ఎనభై ఏళ్ళ మనిషిని తొక్కుకుని పోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమెతో వాదం తెగకముందే రెండో కెరటం వచ్చింది. మొదటిదాని కంటే పెద్దది. వచ్చి, గీత రాళ్ళ పాదాలు తడిపి, గేదెను గట్టు మీదే దింపి, తక్కినవన్నీ తీసుకుపోయింది. తడిసిన రాయిని తడిమి చూసి రాజుగారు కొర్లమ్మ పక్కనే బుద్ధిగా చతికిలబడ్డారు. తమ తోటలోని పీట కూడా రేపే తెచ్చి ఇక్కడ నిలబెట్టిస్తామని మెల్లగా అన్నారు.

అంతా బాగానే ఉంది. దీపస్తంభమే బాగా లేదు.

రెండో కెరటానికి స్తంభం నడుమ విరిగింది. గొలుసుతో, గాజులతో, కొప్పెరతో సహా యువరాజు నీళ్ళలో పడ్డాడు. మునిగి తేలేసరికి కంచు కొప్పెర వెల్లకిలా తేలుతోంది. చేతుల్లో పట్టిన పావుకోళ్ళు వదలకుండానే పుట్టిలోకి ఎక్కినట్టు ఎక్కి కూర్చున్నాడు. మరుక్షణం అంచు మీద ఒక మొసలి ముక్కు కనబడింది.

"నన్నూ ఎక్కించుకోవయ్యా బాబూ!" అన్నాడు మకరఘోణుడు.

యువరాజు అతడి జుట్టు పట్టి లోపలికి లాగాడు. వెనక్కి పోయే నీరు కొప్పెరను గింగిరాలు తిప్పుతూ నడికడలి వైపు ఈడ్చుకుపోతోంది. మాంత్రికుడు ఒక పావుకోడు అందుకుని ఒడ్డు వైపు తెడ్డు వెయ్యబోయాడు.

"అటు కాదు. లోపలికి, ఇంకా లోతుకి వెయ్యి."

"మతి పోయిందా? మూడోది వస్తోంది!"

"వస్తుంది గనుకే. ఒడ్డు దగ్గరుంటే మన మీద పడుతుంది. లోతున ఉంటే మోకాలంతే అని అవ్వ చెప్పింది. అది నిజమో కాదో చూడాలని ఉంది."

"చూడాలని ఉందా!" అని మాంత్రికుడు ఏడుపు మొహం పెట్టాడు.

"అంత భయమైతే మంత్రం వెయ్యరాదూ?"

"తడిస్తే మంత్రాలు పనిచెయ్యవు."

"మరి పొద్దున కీలం లాగింది?"

"అది మంత్రం కాదు. గొలుసు," అని తలదించుకున్నాడు మకరఘోణుడు.

ఇద్దరూ చెరో పావుకోడుతో తెడ్లు వేశారు. కెరటాలకోట గవ్వంత అయింది. ఆవగింజంత అయింది. నీరు నీలం మీద నీలమై నల్లబడింది. "ఇంకా రాదేం?" అన్నాడు యువరాజు. అప్పుడు కొప్పెర తల్లి ఊపిన ఉయ్యాలలా మెత్తగా పైకి లేచి, మెత్తగా కిందికి దిగింది.

"ఏది? ఎక్కడ?" అన్నాడు మాంత్రికుడు కళ్ళు మూసుకుని.

"వెళ్ళిపోయింది," అన్నాడు యువరాజు వెనక్కి తిరిగి. చాలాసేపటికి దూరాన తీరం వెంట తెల్లటి గోడ లేవడం, గట్టు మీద పొగ చెక్కు చెదరకుండా నిలబడి ఉండడం కనబడ్డాయి. కొర్లమ్మ అంతమందికీ అంబలి కాస్తున్నట్టుంది.

ముత్యం మాత్రం ఎక్కడో అడుగున పడి ఉంటుంది. పున్నమికి ఆరు రోజులే మిగిలాయి. యువరాజు నిట్టూర్చేలోగా కొప్పెర పక్కన నీరు బుసబుస పొంగింది. నాచు జుట్టుతో, నత్తల నగలతో ఇల్లంత వీపు ఒకటి పైకి తేలింది. వీపు నడుమ మేకు ఊడిన చిల్లు. ఆ మేకు బిగించి ఉంచింది పలకలను మాత్రమే కాదన్నమాట.

రాతి తాబేలు కళ్ళు తెరిచింది. యువరాజు వైపు, మాంత్రికుడి వైపు చూసింది. నోట్లో నీలంగా ఒక్క మెరుపు మెరిసి, నోరు మూసుకుంది. దాని వెనక కాలికి ఇనుపగొలుసు చుట్టుకుని ఉంది. గొలుసు రెండో కొస కొప్పెర చెవిలో ఇరుక్కుని ఉంది. తాబేలు ఒక్కసారి నాలుగు కాళ్ళూ విదిల్చింది. కంచు కొప్పెర బాణంలా తూర్పు దిక్కుకు, ఏ ఓడా పోని నల్లకడలిలోకి దూసుకుపోయింది.

ఇక్కడ ఈ ముసలాడు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ అధ్యాయంలో ఒకటి కల్పించాడు. తాబేలు కాదు. తాబేలు కళ్ళు తెరిచింది, అందులో సందేహం లేదు. గబ్బిలాలూ కావు. పావుకోళ్ళూ కావు. కల్పించింది ఆ ఏడు తాళ్లు. ఊరి మీదికి వచ్చిన నీరు రెండు నిలువులకు మించలేదు. కాకి తోక తడవలేదు. ఆ రెండు నిలువులే ఆగకుండా వచ్చి కెరటాలకోటను తుడిచిపెట్టాయి. మీసమా? ఈ ముసలాడికి మీసం ఉందని మీకెవరు చెప్పారు? ఏడు తాళ్లని ఎందుకన్నాడంటే, రెండు నిలువులని చెబితే మీరు కూర్చున్నచోటు నుంచి లేవరని.